‘అమెచ్యూర్’ - ఒకే మాటకి రెండు తూకాలు

ఒక కథనో, కవితనో, అనువాదాన్నో ఎవరైనా ‘అమెచ్యూర్‌గా ఉంది’ అన్నారంటే ఇక దాని గురించి మాట్లాడటానికి ఏమీ లేదని అర్థం. చెయ్యి తిరగలేదు, శిక్షణ లేదు, సరదాకి రాసింది - ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. మన సాహిత్య సభల్లో ఈ మాట ఇంగ్లీషులోనే ఎక్కువగా వినిపిస్తుంది. కాస్త మర్యాదగా చెప్పాలనుకున్నవాళ్లు ‘ఔత్సాహిక’ అంటారు. అయితే ఈ మాట పుట్టుకలో చేతకానితనం అన్న అర్థం ఎక్కడా లేదు. ప్రేమించే మనిషికి పెట్టిన పేరు అది. ఆరాధకుడు, అభిమాని, ఇష్టపడేవాడు అని దాని అసలు అర్థం. ప్రేమని చెప్పే మాట చేతకానితనాన్ని చెప్పే మాటగా ఎలా మారింది, ఆ మార్పులో స్త్రీలకి ఏం దక్కింది అన్నది ఈ వ్యాసంలో చూడాలనుకుంటున్నాను.

మూలం లాటిన్‌లో ఉంది. ‘అమారె’ అంటే ప్రేమించడం. ప్రేమించే పురుషుడు ‘అమాతోర్’, ప్రేమించే స్త్రీ ‘అమాత్రిక్స్’. ఈ చివరి ప్రత్యయాలు మనకి కొత్తవి కావు. లాటిన్‌లో పనిచేసేవాడిని చెప్పే ‘-తోర్’, పనిచేసే ఆమెని చెప్పే ‘-త్రిక్స్’, సంస్కృతంలోని ‘-తృ’, ‘-త్రి’ ఒకే మూలం నుంచి వచ్చినవి. కర్త, కర్త్రి, రచయిత, రచయిత్రి అని మనం అంటున్నది ఆ ప్రత్యయాలతోనే. అంటే ‘రచయిత్రి’, ‘అమాత్రిక్స్’ అనే రెండు మాటలూ వ్యాకరణంలో అక్కాచెల్లెళ్లు. రెండూ స్త్రీని కర్తగా చూపిస్తాయి. ఒకటి రాసే ఆమె, రెండోది ప్రేమించే ఆమె. ‘అమాతా’ అని ఇంకో మాట ఉంది. దానికి ప్రేమించబడిన స్త్రీ అని అర్థం. అక్కడ ఆమె కర్త కాదు, కర్మ.

సిసిరో క్రీ.పూ. 45లో రాసిన తాత్విక సంవాదాల్లో ప్రస్తుతం ప్రేమలో ఉన్న మనిషి వేరు, ‘అమాతోర్’ వేరు అంటాడు. ప్రేమించడం స్వభావంగా ఉన్నవాడే అమాతోర్. ఆ స్వభావాన్ని ఆయనేమీ మెచ్చుకోలేదు గానీ మాటలో ఉన్న బలాన్ని మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. అది ఒకనాటి ఉద్వేగాన్ని చెప్పే మాట కాదు, ఒక మనిషి తీరుని చెప్పే మాట.

మరి అమాత్రిక్స్? లాటిన్ సాహిత్యంలో ఈ మాట చాలా అరుదుగా కనిపిస్తుంది. కనిపించిన రెండు చోట్లని ఇక్కడ తీసుకుంటాను.

మొదటిది ప్లౌటస్ రాసిన ‘అసినారియా’ అనే హాస్యనాటకం. ప్లౌటస్ క్రీ.పూ. 184లో చనిపోయాడు. నాటకంలో ఫిలేనియమ్ అనే అమ్మాయిని తల్లే వ్యాపారంలో పెట్టింది. ఆ అమ్మాయి చేతిలో డబ్బు లేని ఒక కుర్రాడిని ఇష్టపడుతుంది. డబ్బిచ్చేవాళ్లని కాదని వాడే కావాలంటుంది. అప్పుడు తల్లి ఆమెని ఎత్తిపొడుస్తూ వాడిన మాట అమాత్రిక్స్. ‘ప్రేమించేదానివి కదా, మాటలు బాగానే నేర్చావు’ అన్న ధోరణి అది. ఇక్కడ తప్పు ఏమిటో గమనించండి. డబ్బు తీసుకుని మగవాడి దగ్గరికి వెళ్తే అది వృత్తి. డబ్బు లేకుండా ఇష్టంతో వెళ్తే అది బుద్ధిలేనితనం. తన ఇష్టానికి తాను కర్త కావడమే ఆ అమ్మాయి చేసిన తప్పు.

రెండోది మార్షల్ అనే కవి క్రీ.శ. 92 ప్రాంతంలో వెలువరించిన ఏడో సంపుటంలోని చిన్న కవిత. తన స్నేహితుడికి కాబోయే భార్య థియోఫిలాని అందులో పొగిడాడు. ఆమె చదువుకున్నది, కవిత్వం రాసేది. పొగడటానికి శాఫోని పోలిక తెచ్చి, ఆ శాఫోని అమాత్రిక్స్ అన్నాడు. పాండిత్యంలో శాఫో ఈమెని మించింది కాదట, శీలంలో మాత్రం ఈమే మిన్న అట. ఒక కవయిత్రిని మెచ్చుకోవడానికి ఇంకో కవయిత్రి శీలాన్ని తక్కెడలో వెయ్యాల్సి వచ్చింది. థియోఫిలా కవిత్వం ఒక్క పంక్తి కూడా మనకి మిగల్లేదు. ఆమె శీలం గురించి మార్షల్ ఇచ్చిన సర్టిఫికెట్ మాత్రం మిగిలింది.

ఈ ధోరణి మనకి బాగా తెలిసినదే. 18వ శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనం’ మీద కందుకూరి వీరేశలింగం చేసిన విమర్శా, 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని అచ్చువేయిస్తే 1911లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించడమూ ఈ పత్రిక పాఠకులకి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. శృంగారం రాసిన మగకవి రసికుడు. రాసిన స్త్రీకి వేరే పేరు.

లాటిన్ చెదిరి అనేక భాషలైనప్పుడు అమాతోర్ కూడా వాటితోపాటు వెళ్లింది. ఇటాలియన్‌లో అమతోరె, స్పానిష్, పోర్చుగీసు భాషల్లో అమదోర్, రుమేనియన్‌లో అమతోర్, ఫ్రెంచిలో అమతర్. ఫ్రెంచి నుంచి 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషుకి వెళ్లి అమెచ్యూర్ అయింది. జర్మన్లు కూడా ఫ్రెంచి మాటనే అరువు తెచ్చుకున్నారు. దానితోపాటు తమ సొంత మాట ‘లీబ్‌హాబర్’ని కూడా వాడారు. ఆ మాటకి ప్రియుడు అనీ, కళాభిమాని అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. 16వ శతాబ్దంలో కమోయెంష్ తన సానెట్‌లో అమదోర్ అన్నప్పుడు ప్రేమికుడు అనే అర్థం. ఇవాళ పోర్చుగీసులో అదే మాటకి వృత్తి కానివాడు అన్నది వాడుక అర్థం.

ఫ్రెంచిలో ఈ మాట ఇంకో మలుపు తిరిగింది. ప్రియుడు అన్న అర్థం వెనక్కి తగ్గి, కళనో ద్రాక్షసారానో తోటలనో ఇష్టపడేవాడు అన్న అర్థం ముందుకొచ్చింది. తర్వాత కొనడానికి సిద్ధంగా ఉన్నవాడు అని కూడా అయింది. అమ్మకానికి పెట్టిన వస్తువుకి ‘అమతర్ దొరకలేదు’ అంటే కొనేవాడు రాలేదని. రుమేనియన్‌లోనూ ఈ వాడుక ఉంది. మెచ్చుకోవడం నుంచి కొనడం దాకా మాట అలా జరిగింది. ఈ జరుగుబాటుని మనం తేలిగ్గా తీసుకోకూడదు. కొనాలంటే చేతిలో డబ్బుండాలి, ఆ డబ్బు మీద హక్కుండాలి. 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్ ఫ్రాన్స్‌లో పెళ్లయిన స్త్రీని భర్త అధీనంలో ఉంచింది. తను సంపాదించిన జీతాన్ని తనే ఖర్చు పెట్టుకునే హక్కు ఆమెకి 1907లో వచ్చింది. భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చెయ్యడానికీ, బ్యాంకు ఖాతా తెరవడానికీ 1965 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే కళాభిమాని అన్న మాట ఆస్తిపరుడన్న మాట అయిన కాలమంతా పెళ్లయిన స్త్రీ ఆ మాటకి బయటే ఉంది.

18వ శతాబ్దపు పారిస్‌లో చిత్ర, శిల్పకళల రాయల్ అకాడమీలో ‘గౌరవ అమతర్’ అనే సభ్యత్వం ఉండేది. గీయడం వృత్తి కానివాళ్లకి, కళ తెలిసిన పెద్దమనుషులకి ఇచ్చే హోదా అది. కౌంట్ ద కెలుస్‌కి 1731లో ఆ హోదా వచ్చింది. ఆయన ఉపన్యాసాలిచ్చేవాడు, చిత్రకారులు ఏ విషయాలు గీస్తే బాగుంటుందో హోమర్ కావ్యం నుంచి ఏరి పుస్తకంగా ఇచ్చాడు. వృత్తి చిత్రకారుడికి దారి చూపించేవాడే అమతర్ అన్నమాట. అదే అకాడమీ 1770లో స్త్రీ సభ్యుల సంఖ్య నలుగురికి మించకూడదని తీర్మానించింది. వాళ్లు కెలుస్ లాంటి అభిమానులు కాదు, చిత్రకారిణులు. 1783 మే 31న ఎలిజబెత్ విజే-లెబ్రన్, అదెలాయీద్ లాబీయ్-గియార్ ఇద్దర్నీ ఒకే రోజు చేర్చుకున్నారు. దానితో ఆ నాలుగు స్థానాలూ నిండిపోయాయి. అకాడమీలో నగ్న మోడల్‌ని చూసి గీసే శిక్షణ స్త్రీలకి లేదు. చరిత్ర చిత్రాలు గీయడానికి ఆ శిక్షణే ఆధారం. శిక్షణ ఇవ్వకుండా ఆపి, ఆ తర్వాత శిక్షణ లేదని పక్కనపెట్టడం ఎలా జరుగుతుందో చూడటానికి ఇది మంచి ఉదాహరణ.

మరి అమతర్‌కి స్త్రీలింగం ఏమిటి? వ్యాకరణం ప్రకారం ‘అమత్రీస్’. లాటిన్ అమాత్రిక్స్‌కి నేరుగా వారసురాలు. రూసో 1762లో వచ్చిన ‘ఎమీల్’ మూడో భాగంలో దీన్ని వాడాడు. పారిస్‌లో డబ్బున్నవాళ్లందరికీ అన్నీ తెలుసుననీ, నగరం కళాభిమానులతో, ముఖ్యంగా కళాభిమానినులతో నిండిపోయిందనీ ఎగతాళి చేశాడు. వాళ్లు ‘తమవి’ అని చూపించే పనులు వాళ్లవి కావని ఆయన ఆక్షేపణ. ఆ వాక్యంలో మగవాళ్లూ ఉన్నారు. అయినా ‘ముఖ్యంగా’ అన్న మాట ఎవరి పక్కన పెట్టాడో చూడండి. ఎమీల్‌కి చేతిపని నేర్పమన్న రూసో, అదే పుస్తకంలో సోఫీ చదువంతా మగవాడికి నచ్చేలా ఉండాలన్నాడు. అలాంటి పుస్తకంలో అమత్రీస్‌కి ఇంతకంటే మంచి చోటు దొరుకుతుందని నేను అనుకోను.

ఫ్రెంచి వాడుకలో ఆ స్త్రీలింగ రూపం ఎన్నడూ స్థిరపడలేదు. స్త్రీని కూడా పుంలింగంలోనే అమతర్ అనడం ఎక్కువ. రచయిత్రిని చెప్పే ‘ఒత్రీస్’కీ ఇలాంటి గతే పట్టింది. నటిని చెప్పే ‘అక్త్రీస్’ మీద మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. మూడింట్లోనూ ఉన్నది ఒకే ప్రత్యయం. కాబట్టి చెవికి ఇంపుగా లేదన్న వాదన నిలబడదు. 1635లో పెట్టిన ఫ్రెంచి అకాడమీ మొట్టమొదటిసారి ఒక స్త్రీని, మార్గరీత్ యూర్సెనార్‌ని, 1980లో ఎన్నుకుంది. 1984లో రచయిత్రి బెన్వాత్ గ్రూ అధ్యక్షతన వృత్తి నామాల స్త్రీలింగ రూపాల కోసం ఒక కమిషన్ వేస్తే అకాడమీ గట్టిగా వ్యతిరేకించింది. 2019 ఫిబ్రవరిలో గానీ ఆ రూపాలకి సమ్మతి తెలపలేదు. మనకి ‘రచయిత్రి’ ఎప్పుడో ఉంది. ఉన్నంత మాత్రాన ఏం ఒరిగిందన్నది వేరే ప్రశ్న. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంగ్లండులో ఈ మాట వర్గానికి కంచె అయింది. 1806 నుంచి 1962 వరకు లార్డ్స్ మైదానం తదితర చోట్ల ‘జెంటిల్మెన్’కీ ‘ప్లేయర్స్’కీ క్రికెట్ పోటీలు జరిగేవి. జెంటిల్మెన్ అంటే అమెచ్యూర్లు. ప్లేయర్స్ అంటే డబ్బు తీసుకుని ఆడేవాళ్లు. స్కోరుకార్డులో అమెచ్యూర్ పొడి అక్షరాలు ఇంటిపేరుకి ముందు, వృత్తి ఆటగాడివి వెనక వేసేవాళ్లు. హెన్లీ పడవ పందేల నిర్వాహకులు 1879లో చేసిన నిబంధన ప్రకారం మెకానిక్కులు, చేతిపనివాళ్లు, కూలీలు అమెచ్యూర్లు కారు. వాళ్లు పందెం డబ్బు ముట్టుకోకపోయినా కారు. అంటే అమెచ్యూర్ అన్నది అప్పటికి అచ్చమైన గౌరవ పదం. కూలి కోసం ఒళ్లు వంచనక్కర్లేని మగవాడి బిరుదు.

ఇక్కడే నా ప్రశ్న మొదలవుతుంది. డబ్బు తీసుకోకపోవడం పురుషుడికి అంత గౌరవమైతే, శతాబ్దాలుగా డబ్బు తీసుకోకుండా రాసిన, పాడిన, గీసిన స్త్రీలకి అదే మాట అదే గౌరవాన్ని ఎందుకివ్వలేదు? పోనీ, డబ్బు తీసుకుని పనిచేసిన స్త్రీలని వృత్తి కళాకారులుగా గుర్తించారా?

సోఫీ మెరో అనే జర్మన్ రచయిత్రి సంగతి చూద్దాం. 1770లో పుట్టింది. 1797లో ఆమె ఉత్తరాల రూపంలో రాసిన నవల మొదటి భాగాలు షిల్లర్ నడిపే ‘దీ హోరెన్’ పత్రికలో వచ్చాయి. ఆ రచన అందినప్పుడు షిల్లర్ గ్యోతెకి ఉత్తరం రాస్తూ, మన ఆడవాళ్లు కేవలం దిలెతాంతె దారిలోనే, కళకి దగ్గరగా వచ్చేంత రాతనేర్పు ఎలా సంపాదిస్తున్నారోనని ఆశ్చర్యపోయాడు. దిలెతాంతె కూడా లాటిన్ నుంచి ఇటాలియన్ మీదుగా వచ్చినదే, ఆనందించడం అన్న ధాతువు నుంచి. అమెచ్యూర్‌కి జంట పదం. ఈ మెచ్చుకోలులో ‘దగ్గరగా వచ్చేంత’ అన్నదే నాకు ముఖ్యం. కళకి దగ్గరగా వస్తుంది, కళ కాదు. 1801లో సోఫీ మెరో విడాకులు తీసుకుంది. ఆ తర్వాత రాతనీ, అనువాదాలనీ, పత్రికా సంపాదకత్వాన్నీ నమ్ముకుని కూతురితో బతికింది. 1803లో ఆ నవల పుస్తకంగా వచ్చింది. 1806లో కాన్పులో చనిపోయింది. కలాన్ని నమ్ముకుని ఇల్లు గడిపిన మనిషిది వృత్తి కాకపోతే మరేది వృత్తి?

ఫాన్నీ మెండెల్‌సన్‌ది ఇంకో రకం కథ. ఆమెకీ తమ్ముడు ఫెలిక్స్‌కీ ఒకే గురువుల దగ్గర సంగీతం చెప్పించారు. 1820లో ఫాన్నీకి పద్నాలుగేళ్లప్పుడు తండ్రి ఉత్తరం రాశాడు. సంగీతం ఫెలిక్స్‌కి బహుశా వృత్తి అవుతుంది, నీకు మాత్రం అది అలంకారంగానే ఉండాలి అని దాని సారాంశం. ఆమె వందలకొద్దీ రచనలు చేసింది. వాటిలో ఆరు పాటలు తమ్ముడి పేరుతో అతని సంపుటాల్లో అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా మహారాణి ఫెలిక్స్ ముందు తనకి ఇష్టమైన పాట పాడింది. అది తన అక్క పాట అని అతను ఒప్పుకోక తప్పలేదు. ఫాన్నీ తన పేరుతో ఒకటో సంఖ్య వేసి పాటల సంపుటిని 1846లో తెచ్చింది. మరుసటి ఏడాదే చనిపోయింది. ఆమె నలభై ఒక్కేళ్ల జీవితాన్ని తండ్రి ఒక్క మాటతో అమెచ్యూర్ జీవితం చేశాడు. ఆ జీవితంలో సంగీతం మీద ప్రేమకి కొరత లేదు. అచ్చుకీ, వేదికకీ, పేరుకీ మాత్రం అనుమతి లేదు.

వీళ్లిద్దరి పక్కన కరోలిన్ హెర్షెల్‌ని పెట్టి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. అన్న విలియం ఖగోళ పరిశోధనల్లో లెక్కలు కట్టి, నక్షత్రాల పట్టికలు తయారుచేసి, తనే సొంతంగా తోకచుక్కల్ని కనిపెట్టిన ఆమెకి 1787లో బ్రిటన్ రాజు ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చాడు. అప్పటికి ఆమెకి ముప్ఫై ఏడేళ్లు. మొదటి విడత జీతం గురించి తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో, తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకునే స్వేచ్ఛ ఉందనిపించిన మొదటి డబ్బు అదేనని చెప్పుకుంది. ఆమెకి నక్షత్రాల మీద ఉన్న ప్రేమ ఆ 50 పౌండ్లతో తగ్గిపోలేదు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1828లో ఆమెకి బంగారు పతకం ఇచ్చింది. 1835లో గౌరవ సభ్యత్వం ఇచ్చింది. గౌరవ సభ్యత్వమే ఎందుకంటే స్త్రీలకి మామూలు సభ్యత్వం లేదు. అది 1916లో వచ్చింది.

ఈ ఉదాహరణలన్నీ చూశాక నాకు తోచింది ఇది. అమెచ్యూర్ అన్న మాట పురుషుడి విషయంలో ఉన్న హోదా మీద ఇంకొకటి కలిపింది. అతనికి భూమి ఉంది, ఉద్యోగం ఉంది, దానిపైన కళ మీద ప్రేమ కూడా ఉంది. స్త్రీ విషయంలో అది తీసివేత. ఆమెకి ప్రేమ ఉంది కనక జీతం అక్కర్లేదు, శిక్షణ అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. డబ్బు తీసుకుంటే ఆమె నడత మీద అనుమానం. తీసుకోకపోతే ఆమె పనితనం మీద అనుమానం.

20వ శతాబ్దంలో ఈ మాటకి పాత అర్థాన్ని తిరిగి ఇవ్వాలని ప్రయత్నించినవాళ్లున్నారు. రోలా బార్త్ 1975లో తన గురించి తాను రాసుకున్న పుస్తకంలో అమతర్‌ని ప్రేమగా తలుచుకున్నాడు. పోటీ కోసమో, ప్రావీణ్యం కోసమో కాకుండా సంతోషం కోసం బొమ్మలేసే, సంగీతం వాయించే మనిషి ఆయన అమతర్. ఎడ్వర్డ్ సైద్ 1993లో బీబీసీ రీత్ ఉపన్యాసాల్లో మేధావి అమెచ్యూర్‌గా ఉండాలన్నాడు. లాభం కోసం, పదవి కోసం కాక విషయం మీద ప్రేమతో, తన రంగం గీసిన గీతలు దాటి మాట్లాడాలన్నాడు. ఈ మాటలు నాకు ఇష్టం. సైద్ చెప్పినదాన్ని విద్యార్థులకి పాఠంగా కూడా చెప్పాను. అయినా ఒక సంగతి మర్చిపోలేను. పియానో ముందు కూర్చున్న బార్త్‌కి సాహిత్యంలో వృత్తి ఉంది. సైద్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. వృత్తి చేతిలో ఉన్నవాళ్లు అమెచ్యూర్ కావాలని ఎంచుకోవడం ఒకటి. వృత్తి తలుపులు మూసేశాక మిగిలింది అమెచ్యూర్ కావడమే అయితే అది వేరు.

బార్త్ పుస్తకం వచ్చిన 1975లోనే సిల్వియా ఫెదెరీచి ఇంటిపనికి వేతనం గురించిన చిన్న పుస్తకం తెచ్చింది. లోకం ప్రేమ అని పేరు పెట్టినది నిజానికి జీతం లేని పని అని ఆమె వాదన. వంట, పిల్లల పెంపకం, మగవాడి అలసట తీర్చడం - ఇవన్నీ ఆడదాని స్వభావంగా చెప్పడం వల్లే వాటికి జీతం అడగడం అసహజంగా కనిపిస్తోందని చూపించింది. ఒకే ఏడాది వచ్చిన ఈ రెండు పుస్తకాల్నీ కలిపి చదవాలని నేనంటాను. జీతం లేని ప్రేమలో స్వేచ్ఛ ఉందని ఒకరు, జీతం ఎగ్గొట్టడానికే ప్రేమ అన్న పేరు పెట్టారని ఇంకొకరు. ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో తెలిస్తే రెండూ నిజమే. స్త్రీవాద విమర్శ మొదటిదాన్ని ఒప్పుకునే ముందు రెండోదానికి జవాబు చెప్పుకోవాలి.

ఇక మన సంగతి. తెలుగు నాటకరంగంలో ‘ఔత్సాహిక’ అన్న మాట దాదాపు ఇంగ్లండు క్రికెట్‌లాగే పనిచేసింది. వకీళ్లు, టీచర్లు, గుమాస్తాలు సాయంత్రాలు రిహార్సల్స్ వేసుకుని ఆడితే అది కళాసేవ. బళ్లారి రాఘవ వకీలు. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టిన మనిషి కూడా. ఆ పట్టుదలకి ఎంత ప్రతిఘటన ఎదురైందంటే, స్త్రీ పాత్రలు వేసే పురుషులు చాలాకాలం కీర్తి అందుకున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో మాత్రం స్త్రీలు ముందునుంచీ రంగస్థలం మీద ఉన్నారు. వాళ్లకి అది బతుకుతెరువు. ఊరూరా డేరాలు వేసి, బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని మేకప్ వేసుకున్న ఆ నటీమణుల్ని మన సాహిత్య చరిత్రలు ఎన్ని పేజీల్లో తలుచుకున్నాయి? పురుషుడి ఔత్సాహికతకి సన్మానాలు, స్త్రీ వృత్తికి చిన్నచూపు. లాటిన్ చదవని నేల మీద కూడా తూకం అదే.

భాషలోనూ చూడండి. ‘ప్రేమికుడు’ అంటే ప్రేమించేవాడు. అతని పక్కన మనం ఎక్కువగా వాడే మాట ‘ప్రేయసి’. మిక్కిలి ప్రియమైనది అని దాని అర్థం. అంటే ప్రేమించబడేది. ‘ప్రేమికురాలు’ ఉంది గానీ పాటల్లో, కథల్లో ప్రేయసికున్న చోటు దానికి లేదు. ‘అభిమాని’ స్త్రీకీ పురుషుడికీ ఒకటే, నాకు ఇష్టమైన మాట. కానీ ‘అభిమానవతి’ అనగానే అర్థం ఆత్మగౌరవం వైపు, పరువు వైపు వెళ్లిపోతుంది. దేన్నో ఇష్టపడే ఆమె కనపడదు, తన మానాన్ని కాచుకునే ఆమె కనపడుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక సభలో నన్ను పరిచయం చేస్తూ వక్త ‘ఔత్సాహిక రచయిత్రి’ అన్నారు. అప్పటికి నావి రెండు విమర్శ సంపుటాలు, మూడు అనువాదాలు అచ్చయ్యాయి. నా పక్కన కూర్చున్న కవిది అప్పుడే వచ్చిన తొలి సంపుటి. ఆయన్ని ‘ప్రముఖ యువకవి’ అన్నారు. వక్త మనసులో చెడు ఉద్దేశం లేదనే నమ్ముతాను. ‘కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సంసారం చూసుకుంటూ ఆమె ఇంత ప్రేమతో రాస్తున్నారు’ అని మెచ్చుకున్నారు కూడా. సరిగ్గా ఆ మెచ్చుకోలే రెండు వందల ఏళ్ల క్రితం షిల్లర్ చేసినది. కవి కూడా ఉద్యోగం చేస్తున్నాడు, ఆయనకీ సంసారం ఉంది. ఆ రెండూ ఆయన పరిచయంలోకి రాలేదు.

ఈ చర్చలో మన చిన్న పత్రికలు కూడా జవాబు చెప్పాల్సిన భాగం ఒకటుంది. తెలుగులో స్త్రీల పత్రికలు, స్త్రీవాద సంకలనాలు చాలావరకు పారితోషికం లేని పని మీదే నడిచాయి. ప్రూఫులు దిద్దిన వాళ్లు, పోస్టుకవర్ల మీద చిరునామాలు రాసిన వాళ్లు, రాత్రిళ్లు అనువాదం చేసి ఇచ్చిన వాళ్లు ఉద్యమం మీద ప్రేమతో చేశారు. ఆ ప్రేమ లేకపోతే ఈ సాహిత్యంలో సగం ఉండేది కాదు. అందుకే దాన్ని తక్కువ చేయలేను. అయితే ఎవరు ఆ ప్రేమని భరించగలిగారు అని అడగాలి. నెలజీతం ఉన్న నాలాంటి లెక్చరర్లు భరించారు. బీడీలు చుట్టుకుంటూనో, ఇళ్లలో పనిచేసుకుంటూనో రాయాలనుకున్న ఆమెకి ఒక మధ్యాహ్నం రాతకి కేటాయించడమంటే ఒక పూట కూలి పోవడం. ‘మేం ఎవరికీ డబ్బివ్వం, అందరం ప్రేమతోనే చేస్తాం’ అన్నప్పుడు ఆ ‘అందరం’లో ఆమె లేదు. హెన్లీ నిబంధనలో కూలివాళ్లకి చోటు లేనట్టే, రాతపూర్వక నిబంధన ఏదీ లేకుండానే మన దగ్గరా చోటు లేకుండా పోయింది. దళిత, ముస్లిం, ఆదివాసీ స్త్రీలు మనల్ని ప్రశ్నించినప్పుడు ఈ ప్రశ్న కూడా వాటిలో ఉంది.

అందుకని అమెచ్యూర్ అన్న మాటని పాత ప్రేమార్థంలో తిరిగి తెచ్చుకుందాం అన్న పిలుపుని నేను సగమే ఒప్పుకుంటాను. అమాతోర్‌ని తెచ్చుకోవడం వల్ల మనకి పెద్దగా వచ్చేదేమీ లేదు. అది ఎప్పుడూ హోదాలోనే ఉంది. తెచ్చుకోవాల్సింది అమాత్రిక్స్‌ని, ఇష్టపడటంలో తానే కర్త అయిన ఆమెని. తల్లి ఎత్తిపొడిచినా తన ఇష్టాన్ని తనే చెప్పుకున్న ఫిలేనియమ్‌నీ, మొదటి జీతం తన చేతుల్లోకి వచ్చాక కూడా అదే ఇష్టంతో ఆకాశం చూసిన కరోలిన్‌నీ కలిపి చూస్తే ఆమె కనపడుతుంది. ప్రేమా జీతమూ ఒకదానికొకటి ఎదురు కావని, వాటిని ఎదురుగా నిలబెట్టింది మనం కాదని ఆమె చెబుతుంది.

ఇది మాటలతో ఆగిపోకూడదు. ఒక రచయిత్రిని పరిచయం చేసేటప్పుడు ఆమె సంసారం కంటే ముందు ఆమె పుస్తకాల పేర్లు చెప్పాలి. ఎవరి రచననైనా అమెచ్యూర్‌గా ఉంది అనాలనిపిస్తే ఆ మాట పక్కనపెట్టి, ఏ వాక్యం కుదరలేదో, ఏ పాత్ర నిలబడలేదో విప్పి చెప్పాలి. అది విమర్శ. ఆమెకి పనికొస్తుంది కూడా. చిన్న పత్రికలు బడ్జెట్ వేసుకునేటప్పుడు అచ్చు ఖర్చు, పోస్టేజీ పక్కన రచయిత్రుల పారితోషికం అన్న గడి ఒకటి గీయాలి. మొదట్లో అందులో వందో రెండు వందలో ఉన్నా సరే, కూలి మానుకుని రాసే ఆమెకి ముందుగా ఇవ్వాలి.